వన్యప్రాణి సంరక్షణము: యువశాస్త్రజ్ఞులకు నిర్ణయ శిక్షణము
(ఉపన్యాస పాఠము)



మహిలారోప్య నగరమును ఏలిన అమరశక్తికి ముగ్గురు కుమారులుండిరనియు, వారికి చదువు ఎంతకును అబ్బలేదనియు, విష్ణుశర్మ యను వృద్ధ పండితుడు ఆరు నెలలలో వారిని నీతివిదులను చేసెదనని ప్రతిన పట్టి మృగపక్షుల కథలు చెప్పెననియు పంచతంత్రము చదివినవారందఱు ఎఱుగుదురు. చిన్నయసూరి నీతిచంద్రికలో ఊరు వేఱు, రాజు వేఱు. కథ మాత్రము అదియే. ఆనాడు రాజకుమారులకు మృగముల మూలమున నీతి నేర్పవలసి వచ్చినది. ఈనాడు కొన్ని దేశములలో దీనికి తలక్రిందులైన పని జరుగుచున్నది. మృగముల సంగతి క్షుణ్ణముగా నెఱిగిన యువశాస్త్రజ్ఞులను కూర్చుండబెట్టి, రాజునకు చెప్పవలసిన నీతిని వారికి చెప్పుచున్నారు. ఇది ఏల అవసరమైనదో, ఎట్లు జరుగుచున్నదో తెలుపుటయే ఈ ఉపన్యాసమునకు విషయము.

పక్షిశాస్త్రమునందో జంతుశాస్త్రమునందో పెద్ద పట్టము పొంది అప్పుడే ఉద్యోగమున చేరిన యువకుని ఊహింపుడు. పిట్ట ఏమి తినును, ఎన్ని గ్రుడ్లు పెట్టును, ఏ చెట్టున గూడు కట్టును అని అడిగిన తడుముకొనకుండ చెప్పగలడు. కాని పై అధికారి వచ్చి, 'అయ్యా, ఈ యేడు వేటకు అనుమతి నీయవచ్చునా? ఈ చెఱువునకు నీరు విడువవలెనా, నిలుపవలెనా? రేపటిలోగా చెప్పుము' అనినచో అతని నోట వచ్చు మొదటి మాట, 'ఇంకను పరిశోధన జరుగవలసియున్నది' అని. ఈ మాటలో అసత్యము లేదు. ఏ విషయమునందైనను పరిశోధన ఇంకను జరుగవలసియే యుండును. అయితే నిర్ణయము పరిశోధనకొఱకు ఆగదు. ఏమియు చేయకుండుట కూడ ఒక నిర్ణయమే. దాని ఫలము అనుభవమునకు వచ్చియే తీరును.

ఇందులకు ఒక దృష్టాంతము కలదు. హిందూ మహాసముద్రమున, జావాద్వీపమునకు దక్షిణముగా, ఆస్ట్రేలియా పాలనలో క్రిస్మస్ ద్వీపమను చిన్న దీవి యున్నది. అచ్చట పిపిస్ట్రెల్ అను బుల్లి గబ్బిలము ఉండెడిది. దాని బరువు నాలుగు గ్రాములకు అటునిటు. అనగా అర తులము చాలదు. 1980 ప్రాంతమున అది దీవియందంతటను సులభముగా కనబడుచుండెను. 1990 తరువాత ఏటేట తగ్గుచు వచ్చెను. తగ్గుచున్నదని తెలియక కాదు. గబ్బిలము చేయు ధ్వనిని పట్టు యంత్రములు అమర్చి శాస్త్రజ్ఞులు లెక్క వ్రాయుచునే యుండిరి. లెక్క చక్కగా సాగెను, గబ్బిలములు తరిగిపోయెను. కారణము పాములా, చీమలా, రోగమా యని వాదములు జరిగినవి. కొన్నిటిని పట్టి పంజరములలో పెంచవలెనన్న సలహాను ఆలోచించి, మరల ఆలోచించి, 2009 జులై నెలలో ప్రభుత్వము ఒప్పుకొనెను. ఆ యేడు జనవరికే ఇరువది గబ్బిలములు మాత్రమే మిగిలియుండవచ్చునని అంచనా. ఆగస్టులో పట్టుటకు పోయినవారికి ఒక్క గబ్బిలపు ధ్వని వినబడెను, అదియు వలకు చిక్కలేదు. ఆగస్టు 26వ తేదీ రాత్రి వినిపించిన ధ్వనియే కడపటిది. 2017లో ఆ జాతి నశించినదని అంతర్జాతీయముగా ప్రకటించిరి.

భారతము శాంతిపర్వములోని మూడు చేపల కథ ఇచ్చట స్మరణకు రాక తప్పదు. అనాగతవిధాత రాబోవు ఆపదను ముందే కనిపెట్టి మడుగు విడిచిపోయెను. ప్రత్యుత్పన్నమతి ఆపద మీదికి వచ్చిన క్షణమున యుక్తి పన్ని తప్పించుకొనెను. దీర్ఘసూత్రి 'చూతములెమ్ము' అని తాత్సారము చేసి చచ్చెను. క్రిస్మస్ ద్వీపమున శాస్త్రజ్ఞులు అజ్ఞానులు కారు, అధికారులు దుర్మార్గులు కారు. ఎప్పుడు, ఎవరు, ఏ గుర్తు కనబడగానే ఏమి చేయవలెనో ముందుగా వ్రాసి పెట్టుకొన్నవారు లేరు. దీర్ఘసూత్రత్వము మనుష్యునిది కాదు, పద్ధతిది. తరువాత వచ్చిన శాస్త్రజ్ఞులు ఈ గబ్బిలము కథను పాఠముగా వ్రాసి పెట్టుకొనిరి.

ఇట్టి కొఱతను తీర్చుటకు ఏర్పడినదే క్రమబద్ధ నిర్ణయ విధానము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో, పశ్చిమ వర్జీనియాయందు, పొటోమాక్ నదియొడ్డున షెపర్డ్స్‌టౌన్ అను చిన్న ఊరికడ ఆ దేశపు మత్స్య వన్యప్రాణి శాఖవారు 1997లో ఒక జాతీయ శిక్షణాలయమును తెఱచిరి. మేరీలాండులోని పటక్సెంట్ వన్యప్రాణి పరిశోధనాలయము 1936 నాటిది. ఈ రెండుచోట్ల శాస్త్రజ్ఞులు కలిసి ఈ విద్యను వన్యప్రాణులకు అనువుగా మలచిరి. శిక్షణము ఉపన్యాసములు వినుటతో ముగియదు. ఒక వారము రోజులు చిన్న చిన్న జట్లుగా కూర్చుందురు. ఒక్కొక్క జట్టునకు ఒక నిజమైన సమస్య. దానిని ఎదుర్కొనుచున్న అధికారి, దానిని పరిశోధించుచున్న శాస్త్రజ్ఞుడు, నడుమ ఈ విద్యలో ఆరితేరిన ఒక ఆచార్యుడు. కొత్తవారు మొదట ఆచార్యుని ప్రక్కన కూర్చుండి చూతురు. పిమ్మట తామే నడుపుదురు. వారాంతమునకు సమస్య తీఱునని కాదు. దానికొక కచ్చా నమూనా తయారగును. మొదటి నమూనా తప్పక తప్పుగా నుండును. అందుచేత దానిని త్వరగా కట్టి, త్వరగా విఱిచి, మరల కట్టుడని గురువుల ఉపదేశము. చక్కని చిత్తు లేనిదే సాపు రాదని లెక్కలు వ్రాయువారికి వేఱుగ చెప్పనక్కరలేదు.

ఈ విద్యకు మూలపురుషులు వన్యప్రాణి శాస్త్రజ్ఞులు కారు. 1772లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అను ఆంగ్ల పండితునకు ఒక చిక్కు వచ్చినది. షెల్బర్న్ ప్రభువు తన యింట గ్రంథాలయాధికారిగా నుండుమని పిలిచెను. పోవలెనా మానవలెనా అని తేల్చుకొనలేక బెంజమిన్ ఫ్రాంక్లినుకు జాబు వ్రాసెను. ఫ్రాంక్లిన్ 'పొమ్ము' అని గాని 'వలదు' అని గాని చెప్పలేదు. కాగితమునకు నడుమ ఒక గీత గీసి, ఒకప్రక్క అనుకూలములు, ఒకప్రక్క ప్రతికూలములు మూడు నాలుగు దినములు తోచినవెల్ల వ్రాసి, సమానమైన బరువు గలవానిని ఇటునటు కొట్టివేయుచు పోయినచో మిగిలినదే నిర్ణయమని పద్ధతి తెలిపెను. జమాఖర్చు గీత గీసి నిల్వ తేల్చుటకు దీనికి ఏమి భేదము? ప్రీస్ట్‌లీ ఆ కొలువున చేరెను. ఆ కాలముననే, 1774లో, ప్రాణవాయువును వేఱుచేసి చూపెను. గ్రంథాలయోద్యోగము అతని పరిశోధనకు అడ్డు రాలేదన్నమాట! ఫ్రాంక్లిన్ కూడ 1731లో ఫిలడెల్ఫియాలో చందాదారుల గ్రంథాలయమును స్థాపించినవాడే. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఈ మాట చెప్పుకొనుట అప్రస్తుతము కాదు.

1999లో హామండ్, కీనీ, రైఫా అను ముగ్గురు అమెరికా పండితులు ఒక చిన్న పుస్తకమున ఈ మార్గమును అయిదు మెట్లుగా విభజించిరి. సమస్య ఏమి, లక్ష్యములు ఏమి, చేయదగిన ఉపాయములు ఏవి, ఒక్కొక్క ఉపాయము వలన కలుగు ఫలములు ఏవి, ఒక లాభముకొఱకు మఱియొక లాభమును ఎంత విడువవచ్చును — ఇవియే ఆ అయిదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున మంత్రాలోచనమునకు చెప్పిన అంగములును అయిదే. కార్యారంభమునకు ఉపాయము, పురుషద్రవ్య సంపత్తి, దేశకాల విభాగము, ఆపదకు ప్రతీకారము, కార్యసిద్ధి. పోలిక చూచి 'అన్నియు మన పెద్దలే చెప్పిరి' అని చంకలు గ్రుద్దుకొనుట తగదు, భేదము చూడవలెను. కౌటిల్యుని జాబితాలో లక్ష్యము చర్చకు రాదు. రాజు కోరినదే లక్ష్యము. ఏనుగును చంపినవానికి మరణదండనము అని అతడు వ్రాసిన విధి ఏనుగు మీది దయచేత గాక సేనకు ఏనుగు కావలయుననియే. ఈనాటి అడవికి, సముద్రమునకు రాజు ఒక్కడు కాడు. ఒకనికి పిట్ట కావలెను, ఒకనికి చేప, ఒకనికి కూలి, ఒకనికి మందు. ఎవరి కోరిక ఎంత బరువు అను ప్రశ్నకు సూక్ష్మదర్శినియందు జవాబు దొరకదు. యువశాస్త్రజ్ఞుడు నేర్చుకొనవలసిన మొదటి కష్టమైన పాఠము ఇదియే. 'ఏమి జరుగును' అనుట శాస్త్రము. 'ఏమి జరుగవలెను' అనుట శాస్త్రము కాదు.

దీనినంతను ఒక్కచోట చూడవలెనన్న డెలావేర్ అఖాతమునకు పోవలెను. న్యూజెర్సీ, డెలావేర్ రాష్ట్రముల నడుమ నున్న ఈ అఖాతపు ఇసుక తీరమునకు మే, జూన్ నెలలలో, పున్నమికి అమావాస్యకు పోటు వచ్చు రాత్రులయందు, గుర్రపులాడము ఆకృతిగల పీతలు లక్షలకొలది గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డెక్కును. సరిగా అదే వేళకు రెడ్‌నాట్ అను ఉల్లంకి జాతి పిట్టలు దక్షిణ అమెరికా కొన నుండి వచ్చి వ్రాలును. పోవలసినది ఉత్తర ధ్రువ ప్రాంతమునకు. ప్రయాణము మొత్తము పదునాలుగు పదునైదు వేల కిలోమీటర్లు. వచ్చునప్పటికి ఎముకలగూడుగా నున్న పిట్ట రెండు వారములలో ఈ గ్రుడ్లు తిని ఇంచుమించు రెండింతల బరువు పెరుగును. నూట ఎనుబది గ్రాముల బరువు చేరని పిట్టలలో మరుసటి యేడు మరల కనబడునవి తక్కువ యని కాళ్లకు గుర్తులు కట్టి కనిపెట్టిరి.

ఆ పీతలనే బెస్తలు మలుగులను, శంఖజాతి నత్తలను పట్టుటకు ఎరగా వాడుదురు. 1990 తరువాత ఆ ఎరకు గిరాకి పెరిగి, ఆ దశాబ్దపు చివర తూర్పు తీరమున ఏటికి ఇరువది లక్షలకు మించి పీతలను పట్టిరి. సూదిమందులలో సూక్ష్మజీవుల విషము కలదేమో పరీక్షించు ద్రవ్యమును కూడ ఈ పీత రక్తమునుండియే తీయుదురు. రక్తము తీసి మరల నీటిలో విడుతురుగాని కొన్ని చచ్చును. ఆడపీత ఈడేరుటకు తొమ్మిది పది సంవత్సరములు పట్టును గనుక ఒకసారి తగ్గినచో త్వరగా తేరుకొనదు. 1980 ప్రాంతమున అఖాతమున తొంబదివేలకు పైగా లెక్కకు వచ్చిన పిట్టలు, 2000 దాటిన పిమ్మట పదునైదువేలకు దిగినవి. 2014 చివర ఈ పిట్టను ఆపన్నజాతిగా ప్రకటించిరి.

ఇప్పుడు సమస్య ఎవరిది? పక్షిశాస్త్రజ్ఞుని అడిగిన 'పిట్ట తగ్గినది' అనును. బెస్తను అడిగిన 'నా బ్రతుకు తగ్గినది' అనును. ఇరువురిని ఒక బల్లవద్దకు తెచ్చుటకే నిర్ణయవిధానము ఉపయోగపడినది. మొదట లక్ష్యములు వ్రాసిరి. బెస్తల పట్టు నిలువవలెను, కాని పిట్టకు ఆహారము తగ్గునంతగా కాదు. తరువాత ఉపాయములు అయిదు కూర్చిరి. పూర్తిగా నిషేధించుట ఒకటి. మగపీతలు రెండున్నర లక్షలు మాత్రమే పట్టుట ఒకటి. మగవి అయిదు లక్షలు, ఆడవి ఒక్కటియు లేకుండుట ఒకటి. ఆడవానిని కూడ కొంత కలుపుకొన్నవి రెండు. మగపీతలు ఎక్కువ కాబట్టి వానిని కొన్ని తీసినను గ్రుడ్లు తగ్గవని వారి ఆలోచన. ఉపాయములను కల్పించుటయందే ఈ విద్య యొక్క చాతుర్యము బయటపడును. 'పట్టుటా, మానుటా' అని రెండే త్రోవలున్నంతకాలము జరిగినది కలహము. ఆడదానిని మగదానిని వేఱుచేసి చూచిన నాడు చర్చ మొదలైనది.

ఫలములను అంచనా కట్టుచోట మఱియొక చిక్కు. పిట్ట బ్రతుకు పీతమీద ఎంత ఆధారపడియున్నదో శాస్త్రజ్ఞులలోనే ఏకాభిప్రాయము లేదు. ఆధారపడలేదని ఒక ఊహ, కొంత ఆధారపడెనని ఒకటి, చాల ఆధారపడెనని మఱియొకటి. పూర్వపు పద్ధతిలో అయినచో ఇది తేలువఱకు ఆగుదురు. ఇచ్చట ఆగలేదు. మూడు ఊహలకును తలకొక విశ్వాసపు పాలు ఇచ్చి, అన్నిటిని కలిపి లెక్కవేసి, ఏటేట వచ్చు పిట్టల, పీతల లెక్కనుబట్టి ఏ ఊహ నిజమునకు దగ్గఱగా నున్నదో చూచి పాళ్లు మార్చుచు పోవుటకు ఏర్పాటు చేసిరి. చేయుచు నేర్చుకొనుట, నేర్చుకొన్నదానితో మరల చేయుట! ఈ ఉపాయము బాతుల వేటలో 1995 నుండి అమెరికాలో నడచుచున్నదే. మల్లార్డ్ బాతుల విషయమున నాలుగు ఊహలకు మొదట సమానముగా పాతికేసి పాళ్లు ఇచ్చి, ప్రతి వసంతమున విమానములనుండి బాతులను, కెనడా గుంటలను లెక్కించి, ఆ యేటి వేట నియమములను నిర్ణయించిరి.

అట్లాంటిక్ తీర రాష్ట్రముల మత్స్యసంఘమువారు 2012లో ఈ పద్ధతిని అంగీకరించిరి. 2013 నుండి మూడవ ఉపాయము అమలైనది. మగవి అయిదు లక్షలు, ఆడవి సున్న.

లెక్కించుటను గుఱించి ఒక మాట. అరణ్యపర్వమున ఋతుపర్ణ మహారాజు రథము పరుగిడుచుండగానే తాడిచెట్టు ఆకులు కాయలు ఇన్నియని చెప్పెను. బాహుకుని వేషమున నున్న నలుడు నమ్మక, రథము నిలిపి, చెట్టు కూల్చి, కాయలు లెక్కించి సరిచూచుకొనెను. అది తాడిచెట్టు గనుక సరిపోయెను. అడవిలోని ఏనుగులను, అఖాతములోని పీతలను లెక్కించుటకు అడవిని కూల్చి, అఖాతమును తోడుట కుదరదు. కనుక శిక్షణములో యువకులను ఋతుపర్ణుని వలె అంచనా వేయుడందురు. అయితే ఒక్క అంకె చెప్పనీయరు. మిక్కిలి తక్కువ ఎంత, మిక్కిలి ఎక్కువ ఎంత, తోచినది ఎంత, ఈ హద్దుల నడుమ నిజము ఉండునని నూటికి ఎన్నిపాళ్లు నమ్మకము — ఈ నాలుగు ప్రశ్నలు వేయుదురు. ఒకరు చెప్పినది ఒకరు వినక ముందే విడివిడిగా వ్రాయింతురు. లేనియెడల పెద్దవాని అంకె అందఱి అంకె యగును. పిమ్మట అందఱివి బయటపెట్టి, చర్చించి, మరల వ్రాయింతురు. చదువుకొన్నవారు తమ తెలివిపై నుంచవలసినదానికంటె ఎక్కువ నమ్మకము నుంతురని ఈ అభ్యాసమున తేలుచుండును. హద్దులు చాల ఇఱుకుగా పెట్టి భంగపడిన విద్యార్థి రెండవసారి జాగ్రత్తపడును.

లక్ష్యముల పాఠములో గురువులు వేయు ప్రశ్న ఒక్కటే: 'అది ఎందులకు?' విద్యార్థి 'ముండ్లతీగలను నఱకవలెను' అనును. ఎందులకు? 'గడ్డి పెరుగుటకు.' గడ్డి ఎందులకు? 'పిట్ట గూడు కట్టుటకు.' పిట్ట ఎందులకు? ఇచ్చట అతడు ఆగి, 'పిట్ట పిట్టకొఱకే' అనును. అదియే అసలు లక్ష్యము. తక్కినవి దానికి పరిచారకులు. తీగలు నఱికిన విస్తీర్ణమును చూపి జయించితిమని నివేదికలు వ్రాయు శాఖలు ఏ దేశమునకును కొత్త కాదు.

ఈ విధానముచేత కలహములు మాసిపోయినవని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. డెలావేర్ అఖాతమున 2022లో లెక్కలను కొత్త సమాచారముతో సవరించిరి. పీతలు పెరిగినందున ఆడవానిని కూడ కొంత పట్టవచ్చునని కొత్త లెక్క చూపెను. వెంటనే పక్షిప్రియులు వేనవేలుగా అభ్యంతరములు వ్రాసిరి. సంఘమువారు 2023వ సంవత్సరమునకు మగవి నాలుగు లక్షల డెబ్బదియైదు వేలు, ఆడవి సున్న అనియే తీర్మానించిరి. లెక్క ఒకటి చెప్ప తీర్మానము ఒకటి యగుట చూచి, పద్ధతి ఓడినదని కొందఱు తలతురు. మఱి లెక్కలోని లక్ష్యములే ప్రజలు కోరినవి కావేమో? పది సంవత్సరముల నాడు బల్లచుట్టు కూర్చున్నవారు వ్రాసిన బరువులు ఈనాటివారివి కానక్కరలేదు. 2024లో సంఘమువారు అందఱిని మరల కూర్చుండబెట్టి లక్ష్యములను తిరిగి విచారించిరి. తప్పు ఏ మెట్టుకడ నున్నదో చూపగలుగుటే ఈ పద్ధతికి గల గుణము. ఒక్కరి బుఱ్ఱలో జరిగిన నిర్ణయమునకు ఆ సౌకర్యము లేదు.

ఈ విద్య తెలుగునాటికి దూరపు ముచ్చట కాదు. కడప జిల్లా లంకమల కొండల పాదమున ముండ్లపొదలలో కలివికోడి అను రాత్రించరమైన పిట్ట కలదు. జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు 1848లో దీనిని లోకమునకు తెలిపెను. 1900 తరువాత ఎవరికిని కనబడనందున నశించినదనుకొనిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి అన్వేషణలో, స్థానికుల సాయముచేత, మరల దొరకినది. దానికొఱకు తెలుగుగంగ కాలువ మార్గమును మార్చవలసి వచ్చినది. ఈ పిట్ట దట్టమైన అడవిలో ఉండదు, బొత్తిగా బోడినేలలోను ఉండదు. పొదలు ఒక మాదిరిగా, నడుమ వట్టినేల కనబడునట్లున్నచోట తిరుగును. మేకలు, గొడ్డలి ఎక్కువైన పొదలు పోవును. మేతను పూర్తిగా నిషేధించినచో పొదలు కమ్ముకొని పిట్టకు నడక తోవ లేకపోవచ్చును. గొఱ్ఱెలకాపరి బ్రతుకు, కాలువ నీటికై చూచు రైతు ఆశ, పిట్ట ప్రాణము ఒకే నేలపై నున్నవి. ఎంత మేత, ఎన్ని పొదలు, ఎవరికి ఎంత నష్టము, దానికి బదులేమి అను ప్రశ్నలకు సమాధానము పక్షిశాస్త్రమున సగమే దొరకును.

అచ్చటికి పోయిన యువశాస్త్రజ్ఞులు పొదల నడుమ మెత్తని ఇసుకను పట్టీలుగా పఱచి, తెల్లవాఱి పోయి, రాత్రి ఏ పిట్ట నడిచినదో అడుగుల గుర్తులనుబట్టి పోల్చిరి. కలివికోడి అడుగు పడిన పట్టీ ఏది, పడనిది ఏది అని వ్రాసికొని, ఒక్కొక్క పట్టీ చుట్టును పొదలు ఎన్నియని లెక్కించిరి. నిర్ణయము చేయబోవువారికి కావలసిన అంకె ఆ ఇసుకలోనే యున్నది.